శుక్రవారం చెప్పిన సినిమా

మూడో పళ్లెం కూడా ముట్టకుండానే మేడ మీది నుంచి కిందికి వచ్చింది.

శ్యామలాదేవి ఆ పళ్లెం అందుకుంది. అన్నం మీద ఎండిపోయిన పప్పు వైపు ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా వంటగది గట్టు మీద పెట్టింది. అనకపోయేసరికే కోడలు శ్రీలలితకు భయం వేసింది. అత్తగారు తిట్టే మనిషి. కూరలో ఉప్పు ఎక్కువైనా, పనమ్మాయి ఆలస్యంగా వచ్చినా, చివరికి కరెంటు పోయినా ఎవర్నో ఒకర్ని పట్టుకుని నాలుగు దులిపితే గానీ ఆవిడకు ఊపిరాడదు. అలాంటి నోరు నిన్న మధ్యాహ్నం నుంచి మూతబడింది.

"రేపటి సంగతి ఏమన్నా అందా?" అని మాత్రం అడిగింది.

శ్రీలలిత తల అడ్డంగా ఊపింది.

రేపు ఆదివారం. ఈ ఇంటి అల్లుడు ఉదయ్ కుమార్ పోయి ఏడాది. గంపలగూడెంలో అతని తల్లి నాగరత్నమ్మ ఇంట్లో సంవత్సరీకం. భార్య రాకుండా ఆ కార్యం జరిగితే ఇక ఆ ఇంటికీ ఈ ఇంటికీ రాకపోకలు ఉండవని తిరువూరులో ఎవర్నడిగినా చెప్తారు. ఉదయ్ పోయిన దగ్గర్నుంచి పుట్టింట్లోనే ఉంటున్న సాయిప్రసన్న, గురువారం దాకా వస్తాననే అంది. కట్టుకోవాల్సిన చీర తనే తీసి ఇస్త్రీకి ఇచ్చింది కూడా. శుక్రవారం మధ్యాహ్నం హాల్లో తల్లి పక్కన కూర్చుని టీవీలో సినిమా చూస్తూ చూస్తూ, సగంలో లేచి మేడ మీది గదిలోకి వెళ్లిపోయింది. ఆదివారం నేను రాను, నన్నెవరూ అడగొద్దు అని తలుపేసుకుంది.

ఆ సినిమా చూడమని చెప్పింది శ్రీలలిత.

ప్రసన్నకే కాదు, మూడు వందల నలభై మందికి చెప్పింది.

మెయిన్ రోడ్డులో మామగారు భాస్కరరావు గారి బట్టల షాపుంది. అందులో చీరల కౌంటరు కోడలిది. చీరలు చూపిస్తూ సినిమా కబుర్లు చెప్పడం ఆమెకు అలవాటు. ఈ వారం ఏం చూడమంటావమ్మా అని అడిగేవాళ్లు చీర అడిగేవాళ్లకంటే ఎక్కువయ్యాక ఆడవాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. ప్రతి శుక్రవారం పదకొండు లోపల నాలుగు నిమిషాల వాయిస్ మెసేజీ. సినిమా హాల్లోకి కొత్తగా ఏం వచ్చింది, ఓటీటీలో ఏం దిగింది, మామగారి పక్కన కూర్చుని చూడొచ్చా, ఎక్కడ ముందుకు జరపాలి, డబ్బింగు బాగోక పాడైంది ఏది, అన్నీ ఉంటాయి అందులో. పెనుగొలనులో ఒకావిడ మామిడి కాయలు కోయిస్తూ తోటలోనే చెవిలో పెట్టుకుని వింటుందట. గంపలగూడెంలో నాగరత్నమ్మ కూడా వింటుంది. విని, ఒక దణ్ణం బొమ్మ పెడుతుంది.

భాస్కరరావు షాపులో ఒక పద్ధతుంది. ఎంత రద్దీగా ఉన్నా చీరను కొంగు దాకా విప్పి, నేతలో లోపముంటే వేలు పెట్టి చూపించి గానీ బిల్లు రాయరు. వద్దమ్మా, టైము లేదు, మడత మీదే ఇచ్చెయ్ అని బతిమాలినా ఇవ్వరు. శ్రీలలిత ఆ పద్ధతినే సినిమాలకూ పెట్టుకుంది. ఆఖర్న పేర్లు పడేదాకా చూడనిది నోటితో చెప్పదు. ప్రతి శుక్రవారం చివరి మాట కూడా అదే: "కొంగు దాకా విప్పి చూశాను, నమ్మకంగా తీసుకోండి." ఆ మాట రాగానే గ్రూపంతా నవ్వులు.

ఈ శుక్రవారం మాత్రం విప్పలేదు. పెళ్లిళ్ల రోజులు. గురువారం మధ్యాహ్నం అన్నం తింటూ నలభై నిమిషాలు చూసింది. ఫ్యాను ఎంత స్పీడులో పెట్టాలనే దాని మీద మొగుడూ పెళ్లాలు కొట్టుకునే సీను చూసి పొలమారేలా నవ్వింది. మిగతాది సాయంత్రం చూద్దామనుకుంటే పెళ్లివారు దిగారు. శుక్రవారం పదిన్నరకల్లా గ్రూపులో ఇవాళేంటమ్మా, ఇవాళేంటమ్మా అని మెసేజీలు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, చూసిన నలభై నిమిషాల గురించే నాలుగు నిమిషాలు చెప్పింది. చివరికొచ్చేసరికి అలవాటైన మాట దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. కౌంటరు దగ్గర మనుషులున్నారు.

ఊరి సంగతి ఎలాగన్నా పోనీ. ప్రసన్న విషయంలో ఆమె అంత ఏమరుపాటుగా ఎన్నడూ లేదు.

ఉదయ్ పోయాక మూడు నెలలు ప్రసన్న గోడవైపు తిరిగి పడుకుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, గుళ్లకు తీసుకెళ్లారు, కదలిక లేదు. ఒకరోజు శ్రీలలిత మంచం పక్కన కూర్చుని, అప్పడాల వ్యాపారం పెట్టిన ముగ్గురు అక్కచెల్లెళ్ల సిరీస్ ఒకటి ట్యాబులో పెట్టింది. ఎపిసోడ్ అయ్యాక కట్టేసి లేచి వెళ్లిపోయింది. మర్నాడు ప్రసన్న తనంతట తాను, ఆ చిన్నది మళ్లీ ఇంటికొచ్చిందా వదినా అని అడిగింది. మూడు నెలల్లో ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న. శ్యామలాదేవి వంటగదిలోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పటి నుంచి రోజుకొకటి. వంటల పోటీలు, కొండ ఊళ్లో పోస్టాఫీసు కథ, ముసలాళ్ల క్రికెట్ టీము. ప్రతిదీ శ్రీలలిత ముందు చూసేది. ఆస్పత్రి ఉండకూడదు, బండి ప్రయాణం ఉండకూడదు, గాజులు తీసే సీను అసలుండకూడదు. తొమ్మిది నెలలు ఒక్కసారి కూడా తప్పలేదు.

తప్పాక మిగతాది చూసే ధైర్యం కూడా లేకపోయింది ఆమెకు. నిన్న సాయంత్రం ఫోన్లో పెట్టబోయి ఆగిపోయింది. చూస్తే తను ఆ పిల్లకు ఏం చేసిందో తెలుస్తుంది. ఆడది ఎంత గుండెనిబ్బరం కలదైనా కొన్ని తెలుసుకోవడానికి వెనకాడుతుంది మరి.

భాస్కరరావు భోజనానికి వచ్చాడు. తెల్లారి ఆరింటికి కారు చెప్పాననీ, నాగరత్నమ్మ గారికి ఫోన్ చేసి అమ్మాయికి వంట్లో నలతగా ఉందని మాత్రం చెప్పాననీ అన్నాడు. వంట్లో నలతేంటి, ఉన్నది ఉన్నట్టు చెప్పకపోయారా అని శ్యామలాదేవి విసుక్కుంది. ఉన్నదేంటో నాకేం తెలుసు, ఇంట్లో ఉండేది మీరు అని ఆయనన్నాడు. అదే పాట ఇద్దరూ రెండుసార్లు పాడారు. శ్రీలలిత మొగుడు సూర్యతేజ కలగజేసుకుని, సినిమా చూసి ఏడవని వాళ్లెవరు, ఏడిస్తే తేరుకుంటుంది లెమ్మన్నాడు. తల్లి చూసిన చూపుకి కంచంలోకి తల దించేశాడు.

భాస్కరరావు చెయ్యి కడుక్కుని కోడలి దగ్గరికి వచ్చాడు.

"నువ్వెళ్లమ్మా. నీ మాట వింటుంది అది. ఆ సినిమా నువ్వు కొంగు దాకా చూసినదానివి. ఎక్కడ గుచ్చుకుందో నీకే తెలియాలి."

అప్పుడే చెప్పేస్తే పోయేది. మావయ్యగారూ నేను చూడలేదండీ అంటే పోయేది. ఇరవై ఏళ్లుగా కొంగు చూపించకుండా చీర అమ్మనివాడు ఆయన. ఆ మొహం చూస్తూ ఆ మాట అనలేకపోయింది. సరేనండి అని మేడ మెట్లెక్కింది.

తలుపు రెండుసార్లు తట్టాక తెరుచుకుంది. ప్రసన్న మంచం చివర కూర్చుంది. కళ్లు ఉబ్బిపోయాయి కానీ ఏడుపు లేదు. కూర్చో అని కూడా అనలేదు. శ్రీలలిత కింద నేల మీదే కూర్చుంది. గదిలో ఉక్కగా ఉంది. ఫ్యాను వేసుకోకుండా ఉంది ఆ పిల్ల.

కొంచెం మజ్జిగన్నా తాగమని శ్రీలలిత అడిగింది. రేపు రావాలనిపించకపోతే మావయ్యగారితో నేను మాట్లాడతానంది. ప్రసన్న దానికి బదులు తనే అడిగింది.

"నా ఫోన్ ఎప్పుడు చూశావు వదినా?"

శ్రీలలితకు అర్థం కాలేదు.

"చూసినదానివి నన్ను అడగొచ్చు కదా. తలుపేసి తిట్టొచ్చు. చెంప మీద కొట్టినా పడేదాన్ని. అమ్మ పక్కన కూర్చోబెట్టి సినిమా పెట్టి చూపిస్తావా?"

"నేనేం చూడలేదు ప్రసన్నా. నీ ఫోన్ నేనెందుకు..."

"మరి ఇన్ని సినిమాలుండగా అదే ఎందుకు పెట్టావు? సినిమాలో ఆయన మూడుసార్లు ఫోన్ చేస్తాడు. ఆవిడ చూస్తూనే ఉంటుంది. పేరు కనపడుతూనే ఉంటుంది. ఎత్తదు. మూడోసారికి ఫోన్ బోర్లా పెడుతుంది. నేనూ బోర్లానే పెట్టాను వదినా. అంత సరిగ్గా ఎలా దొరికింది నీకు?"

శ్రీలలితకు సినిమాలో ఏముందో ఆ క్షణాన తెలిసింది. ఈ పిల్ల ఏడాదిగా గుండెలో ఏం పెట్టుకుని తిరుగుతోందో అదీ తెలిసింది.

ఇప్పుడు రెండు దార్లున్నాయి ఆమెకు. చూశాను గానీ నీ సంగతి నాకు తెలీదు అనొచ్చు. అంటే శుక్రవారం మాట నిలబడుతుంది, ఊళ్లో పేరు నిలబడుతుంది. ఈ పిల్ల మాత్రం చచ్చినా నమ్మదు. రెండోది నిజం.

"నేను ఆ సినిమా చూడలేదు."

ప్రసన్న తలెత్తింది.

"నలభై నిమిషాలు చూశాను. ఫోన్ సీను దాకా రానే లేదు. చూడకుండానే చూశానని అందరికీ చెప్పాను. అబద్ధమాడాను ప్రసన్నా. నిన్ను సాధించడానికి కాదు. టైము లేక. అంతకంటే ఏం లేదు."

కింద సూర్యతేజ బండి స్టార్ట్ చేసి షాపుకి వెళ్లిపోయిన చప్పుడు వినపడింది.

"అంటే నీకు తెలీదు," అంది ప్రసన్న మెల్లిగా. "ఎవరికీ తెలీదు. ఇప్పుడు నేనే చెప్పేసుకున్నాను."

ఆ తర్వాత ఆపుకోలేకపోయింది. అప్పుడు వాళ్ల కాపురం తిరువూరులోనే. ఆ రోజు ఫస్ట్ షోకి టికెట్లు తీసుకున్నారట. పెళ్లయ్యాక ఇద్దరే కలిసి సినిమాకెళ్లి ఏడాది దాటిందని తనే పోరితే తీశాడట. అయిదింటికి గంపలగూడెం నుంచి నాగరత్నమ్మ ఫోన్ చేసి నీళ్ల మోటరు తిరగట్లేదంది. ఇప్పుడే వచ్చేస్తానని బండేసుకుని పోయాడు. ఆరున్నర అయింది, ఏడయింది. ముస్తాబై కూర్చున్న ప్రసన్న తల్లో పూలు తీసి అవతల పడేసి, చీర మార్చుకుని, ఉప్మాకి ఉల్లిపాయలు కోయడం మొదలెట్టింది. అప్పుడు మోగింది ఫోన్.

"ఆలస్యమైందని చెప్పడానికనుకున్నాను. ఎప్పుడూ అమ్మే కదా, అమ్మ దగ్గరే ఉండమను అనుకున్నాను. రోడ్డు పక్కన గుండె పట్టుకుని కూర్చుని నాకు చేస్తున్నాడని నాకేం తెలుసు. ఆ మూడు మిస్డ్ కాల్సూ నా ఫోన్లో ఇంకా ఉన్నాయి వదినా. తుడవలేదు. రేపు ఆవిడ ముందు కూర్చుని నేను ఏ మొహం పెట్టుకుని పిండం వైపు చూడను?"

శ్రీలలిత లేచి పక్కన కూర్చుని దగ్గరికి తీసుకుంది. నీ తప్పు కాదు అనబోయింది. నిన్న తన తప్పును కౌంటరు మనుషుల మీదికి నెట్టేసిన నోటితో ఆ మాట రాలేదు. ఊరికే వీపు నిమిరింది.

తలుపు దగ్గర అలికిడైంది. శ్యామలాదేవి మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. లోపలికొచ్చి తలుపు వేసింది. గ్లాసు కిటికీలో పెట్టింది.

"నువ్వు లేచిపోయాక నేను ఆఖరిదాకా చూశానే," అంది కూతురితో. "నువ్వెక్కడ లేచావో కూడా చూశాను. నిన్నట్నుంచి నాకు నోరు పెగలనిది అందుకే."

ప్రసన్న తల్లి మొహంలోకి చూసింది. "ఆవిడ ఏం చేసిందమ్మా చివరికి?"

"అత్తగారికి చెప్పింది."

"అత్తగారేమంది?"

"ఏమంటుంది. దగ్గరికి తీసుకుని ఏడ్చింది. సినిమా కదా." శ్యామలాదేవి గొంతు గట్టిపడింది. "మీ అత్తగారు సినిమాలో అత్తగారు కాదు ప్రసన్నా. ఒక్కడే కొడుకు. ఈ మాట ఆవిడ చెవిన పడితే కార్యంలోనే నిన్ను నిలదీస్తుంది. ఊరంతా నిన్నే వేలెత్తి చూపిస్తుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. తెలిసింది మన ముగ్గురికే. ఈ గడప దాటకూడదు."

"అయితే రేపు నేను రాను."

"రావాలి. వచ్చి, నోరు మూసుకుని కూర్చుని, దణ్ణం పెట్టి రావాలి."

"నా వల్ల కాదమ్మా. వస్తే చెప్పి తీరతాను. చెప్పకుండా ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగలేను."

"అయితే రావద్దు," అంది శ్యామలాదేవి. నిన్నట్నుంచి కూతురు రావాలనే ఆశతో మేడ మెట్లెక్కి దిగిన మనిషే అంది. "జ్వరమని చెప్తాను. నేనే చెప్తాను. సంబంధం పోతే పోయింది. నువ్వుంటే చాలు నాకు."

శ్రీలలిత ఏదో అనబోయింది. అత్తగారు అననివ్వలేదు. చూడని సినిమా చూడమని ఊరిని నమ్మించిన నోరు ఇక్కడ లేవకపోతే మంచిదంది. అంత మాట ఏడేళ్లలో ఆవిడెప్పుడూ అనలేదు. అన్నది నిజమే. శ్రీలలిత కళ్లు తుడుచుకుంది.

వీళ్లిద్దరూ ఇలా ఉండగానే ప్రసన్న దిండు కింద నుంచి ఫోన్ తీసింది. ఎవరికి చేస్తోందో ముందు శ్యామలాదేవే గ్రహించింది. ఇలా ఇయ్యి అని ఒక్క అంగలో వెళ్లి చెయ్యి చాచింది.

ఆ చేతిని శ్రీలలిత పట్టుకుంది. కోడలు తన చెయ్యి పట్టుకుని ఆపుతుందని శ్యామలాదేవి కలలో కూడా అనుకుని ఉండదు. విడిపించుకోవడం కూడా మర్చిపోయి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"చేసుకోనివ్వండి అత్తయ్యా," అంది శ్రీలలిత. "తిడితే ముగ్గురం పడదాం."

ప్రసన్న స్పీకరు నొక్కి ఫోన్ మంచం మీద పెట్టింది. రెండో రింగుకే ఎత్తారు.

"ప్రసన్నా. నువ్వు చేస్తావనే ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానమ్మా." నాగరత్నమ్మ గొంతు బాగా నీరసంగా ఉంది. "వంట్లో నలతని మీ నాన్నగారు చెప్పారు. అది వంట్లో సంగతి కాదని నాకు తెలుసు."

"అత్తయ్యా, నేను మీకొకటి..."

"నన్ను చెప్పనియ్యమ్మా. మళ్లీ ధైర్యం చాలదు నాకు. మీ వదిన చెప్పిందని నిన్న ఆ సినిమా నేనూ చూశాను. వాడు ఆ రోజు నాకు ఫోన్ చేశాడు ప్రసన్నా. ఇంటి దగ్గర్నుంచి వెళ్లిన పావుగంటకి చేశాడు. నేను సీరియల్ చూస్తున్నాను. మంచి పట్టులో ఉంది. ఇందాకే కదా వెళ్లాడు, ఏదో మర్చిపోయుంటాడు, ప్రకటనలు రాగానే చేద్దాంలే అనుకున్నాను. ప్రకటనలొచ్చాక చేశాను. వేరే ఎవరో ఎత్తారు."

శ్యామలాదేవి మంచం పట్టె పట్టుకుని కూలబడింది.

"టీవీ ముందు కూర్చుని కన్నకొడుకు ఫోన్ ఎత్తనిదాన్ని. ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. నీకెలా తెలిసిందో గానీ తెలిసింది. మొహం మీద అడగడం ఇష్టం లేక మీ వదిన చేత ఆ సినిమా చూడమని చెప్పించావు. తెలిసే కదమ్మా రేపు నా గడప తొక్కనంటున్నావు?"

ప్రసన్న వదిన వైపు చూసింది, తల్లి వైపు చూసింది. శ్యామలాదేవి కళ్లతోనే వద్దంది. ఆవిడే తన తప్పంటోంది, అలాగే అనుకోనీ, రేపు వెళ్లి దణ్ణం పెట్టి వచ్చెయ్యొచ్చు అన్నట్టు వేడుకుంటూ చూసింది. కన్నతల్లి కదా.

"హలో. ఉన్నావా అమ్మాయ్?"

"ఉన్నానత్తయ్యా." ప్రసన్న రెండు చేతులతో ఫోన్ ఎత్తి పట్టుకుంది. "మీకు చేసింది నాలుగోసారి. అంతకుముందు మూడుసార్లు నాకు చేశారు."

అటు నుంచి ఏమీ వినపడలేదు. కట్ అయిందేమోనని శ్రీలలిత ముందుకు వంగి చూసింది. కాల్ నడుస్తూనే ఉంది.